పసుపు అంచు ఎక్కడికి పోయింది? స్నేక్ ప్లాంట్ మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మొక్క గురించి. ఆకు మధ్యలో ముదురు ఆకుపచ్చ, దాని మీద పాము ఒంటి చారల్లాంటి అడ్డగీతలు, రెండు పక్కలా పసుపు అంచు. నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ అంటారు, కొందరు అత్తగారి నాలుక అంటారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక తిరుపతిలో మా ఇంటి వరండాలో, మిద్దె మీద మొక్కలతోనే పొద్దు గడుస్తోంది. వాటిలో పద్నాలుగు కుండీలు ఈ మొక్కవే. పుస్తకంలో చదివింది కొంత, చేత్తో పట్టుకుని చూసింది కొంత కలిపి చెబుతాను.

ప్రశ్న: మేడమ్, ఆరు నెలల కిందట మా బంధువుల గృహప్రవేశంలో పసుపు అంచు స్నేక్ ప్లాంట్ రిటర్న్ గిఫ్టుగా ఇచ్చారు. తెల్లటి పింగాణీ కుండీలో ఉంది. టీవీ పక్కన పెట్టి, రోజూ తులసికి పోసేటప్పుడే దీనికీ ఒక గ్లాసు నీళ్లు పోస్తున్నాను. వారం నుంచి రెండు ఆకులు పక్కకు వాలిపోయాయి. ఆకుల మొదలు దగ్గర ముట్టుకుంటే మెత్తగా ఉంది. నీళ్లు చాలడం లేదేమోనని రెండు గ్లాసులు పోస్తున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. బతుకుతుందా? 
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు నీళ్లు ఆపేయండి తల్లీ. మీ మొక్కకు దాహం వేయడం లేదు, ఊపిరాడటం లేదు. ఆ పింగాణీ కుండీ అడుగు ఒకసారి చూడండి, రంధ్రం ఉండకపోవచ్చు. టేబుల్ మీద నీళ్ల మరక పడకూడదని గిఫ్టు కుండీల్లో చాలావాటికి రంధ్రం పెట్టరు. మీరు పోసిన నీళ్లు పోవడానికి దారి లేక అడుగునే నిలిచిపోయి ఉంటాయి. నీళ్లలో మునిగిన వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకు వాలుతుంది. చూసినవాళ్లం దాహం అనుకుని ఇంకో గ్లాసు పోస్తాం. ప్రేమతోనే పోస్తాం, అదే దాని ప్రాణం మీదికి వస్తుంది.

కంటితో చూసి పొరపడతాం గానీ వేలితో నొక్కితే తేడా తెలిసిపోతుంది. దాహం వేసిన ఆకు పలచబడి, నిలువునా ముడతలు పడి, లోపలికి ముడుచుకుంటుంది. మొదలు మాత్రం గట్టిగానే ఉంటుంది. కుళ్లిన ఆకు పైన నిగనిగలాడుతూనే ఉంటుంది, మొదట్లో మాత్రం మగ్గిపోయిన అరటిపండులా వేలు దిగబడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండోది.

ఇవాళే ఒక పాత పేపరు పరిచి మొక్కను కుండీలోంచి బయటికి తీయండి. మట్టిని వేళ్లతో మెల్లగా విదిలించండి. మురుగు వాసన వస్తే కంగారు పడొద్దు, అది ఊహించిందే. బాగున్న దుంప పచ్చిపసుపు కొమ్ము ఛాయలో, నొక్కితే గట్టిగా ఉంటుంది. పాడైన చోట గోధుమ రంగులోకి మారి, వేలు పెడితే పైపొర జారిపోతుంది. స్పిరిట్‌తో తుడిచిన చాకుతో మెత్తబడిన భాగమంతా కోసేయండి. కోసిన చోట మచ్చ లేకుండా శుభ్రంగా కనిపించేదాకా కోయండి. ఇక్కడ జాలిపడితే మిగిలిందీ పోతుంది. కోతకు బూడిదో పసుపో అద్దే అలవాటు మన వైపు ఉంది. అద్దితే తప్పులేదు, కానీ అసలు మందు గాలే. మూడు రోజులు నీడలో ఉత్తినే పడేసి ఉంచండి, మెట్ల కింద పెట్టినా చాలు. కోసిన చోట పొర కట్టి గట్టిపడుతుంది. అన్ని రోజులు మట్టి లేకుండా ఎలాగని భయపడకండి. దీని ఆకులో, దుంపలో నీళ్లు దాచుకునే ఉంటుంది.

తర్వాత అడుగున రంధ్రమున్న మట్టికుండీలో నాటండి. పలమనేరు వైపు నుంచి వచ్చే మట్టికుండీలు దీనికి ఎంతో మంచివి, గోడల్లోంచి కూడా తడి ఆరిపోతుంది. మట్టి కలపడంలో నా లెక్క ఇది. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాళ్లు, వర్మీకంపోస్టు అర పాలు, గుప్పెడు ఇటుక ముక్కలు. ఇసుక అంటే జల్లెడ పట్టాక జల్లెడలో మిగిలేది. కిందికి జారిన సన్న ఇసుక వాడితే మట్టితో కలిసి సిమెంటులా బిగుసుకుపోతుంది. నాటాక వారం దాకా చుక్క నీరు పోయొద్దు. పింగాణీ కుండీని పారేయక్కర్లేదు. రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క నాటి, దాన్ని ఇందులో దించి పెట్టుకోండి. నీళ్లు పోసేటప్పుడు పైకి తీసి, పూర్తిగా కారిపోయాక మళ్లీ లోపల పెట్టండి.

ఈ బాధ నాకు తెలుసు తల్లీ. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులై పారిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా వీధిలోనూ మోకాలి లోతు నీళ్లు. ఇంట్లో సామాను పైకి ఎక్కించే హడావుడిలో, సన్‌షేడ్ నీళ్లు ధారగా పడే మూలలో ఉన్న స్నేక్ ప్లాంట్ కుండీని ఎవరం చూసుకోలేదు. తొమ్మిది రోజులు అది ఆ ధార కిందే ఉంది. వాన వెలిశాక పైకి బాగానే కనిపించింది. పదకొండు ఆకులు నిటారుగా నిలబడే ఉన్నాయి. మూడు వారాలకు, దుమ్ము తుడుద్దామని ఒక ఆకు పట్టుకుంటే ఆకు మొత్తం మొదలంటా నా చేతిలోకి వచ్చేసింది. దుంప తీసి చూస్తే బొటనవేలంత ముక్క ఒక్కటే గట్టిగా మిగిలింది, దానికి ఒక చిన్న మొగ్గ. ఇందాక చెప్పిన పద్నాలుగు కుండీలూ ఆ ముక్క పిల్లలే. అందుకే మీ మొక్క దుంపలో ఒక అంగుళం గట్టిగా ఉన్నా ఆశ వదులుకోవద్దంటున్నాను.

ఇక నీళ్ల సంగతి. తులసితో దీనికి పోలిక లేదు. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి, నిమిషం ఆగి తీయండి. పుల్లకు తడి మట్టి అంటుకుంటే పోయొద్దు. పొడిగా వస్తే, అడుగు నుంచి కారేదాకా ఒక్కసారి నిండుగా పోయండి. కత్తిరి ఎండల్లో మా ఇంట్లో పది పన్నెండు రోజులకు ఒకసారి పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానాకాలంలో మూడు నాలుగు వారాలు దాటినా పుల్ల తడిగానే వస్తుంది. ఏసీ గదిలో మట్టి ఆరే లెక్క వేరు, పెద్ద కుండీ లెక్క వేరు. క్యాలెండరులో గుర్తు పెట్టుకోకుండా పుల్లనే అడగండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మ ఇరవై ఏళ్లు పెంచిన పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఇది. అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం. ఒక్కొక్కరి ఇంట్లో అమ్మ మొక్క ఉండాలని, మంచి ఆకులు రెండు కోసి, ముక్కలు చేసి ఇసుకలో గుచ్చాను. మూడు నెలలకు పిలకలు వచ్చాయి, ఎంతో సంతోషించాం. కానీ వచ్చినవన్నీ ఉత్త ఆకుపచ్చ, పసుపు అంచు ఒక్కదానికీ లేదు. నేను చేసిందాంట్లో ఏం తప్పు జరిగింది? ఎరువు చాలకనా? అంచు మళ్లీ వస్తుందా? 
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను అమ్మా. మీరు చేసినదాంట్లో ఏ లోపమూ లేదు. ఆకు ముక్క నుంచి వేరు తెప్పించారు, పిలక తెప్పించారు. తెలియక ఇసుకను తడిపి తడిపి కుళ్లబెట్టేసేవాళ్లే ఎక్కువ. ఆ ఆకుపచ్చ పిలకలు కూడా మీ అమ్మగారి మొక్కవే, అందులో అనుమానం వద్దు. అంచు మాత్రం ఆకు నుంచి రాదు. ఎరువు వేసినా రాదు, ఎండలో పెట్టినా రాదు.

ఎందుకో చెబుతాను. ఈ మొక్క సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. అక్కడ మామూలుగా పెరిగేది ఆకుపచ్చ రకం. పసుపు అంచున్న రకానికి, కాంగోలో మొక్కలు సేకరించిన బెల్జియం వృక్షశాస్త్రవేత్త ఎమిల్ లారెంట్ పేరు మీద లారెంటై అని పేరు పెట్టారు. దీని ఒంట్లో రెండు రకాల కణాలు కలిసి బతుకుతుంటాయి. ఒక రకం కణాలకు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఉంటుంది. ఇంకో రకానికి దాన్ని తయారుచేసే శక్తి పోయింది, అందుకే పసుపుగా కనిపిస్తాయి. దుంప కొసన ఉన్న మొగ్గలో ఈ రెండూ పొరలు పొరలుగా ఒక వరసలో అమరి ఉంటాయి. ఆ మొగ్గ నుంచి ఆకు వచ్చినప్పుడు ఒక పొర అంచుగా, ఇంకో పొర నడిమి భాగంగా సాగుతుంది. ఆకు ముక్కను నాటితే ఆ మొగ్గ ఉండదు కదా. కోసిన చోట లోపలి ఆకుపచ్చ కణాలే కొత్తగా మొగ్గ కడతాయి. ఆ మొగ్గలో పసుపు పొరే లేనప్పుడు ఆకులో అంచు ఎలా వస్తుంది?

వెంకటగిరి చీర నేసేది మీరు చూసే ఉంటారు. అంచు కావాలంటే మగ్గం మీద పడుగు వేసేటప్పుడే ఆ దారాలు పక్కన వరసగా వేయాలి. నేసిన చీరలోంచి జానెడు ముక్క కోసుకెళ్తే, ఆ ముక్కకు అంచు ఉన్నా, దాన్నుంచి ఇంకో చీర పుట్టదు. మీ మొక్కకు ఆ మగ్గం దుంపలోని మొగ్గే.

కాబట్టి చెల్లెళ్లకు ఇవ్వాల్సింది పిలకలు. అమ్మ కుండీలో తల్లి దుంప నుంచి పక్కకు పాకి పైకి లేచినవి ఉంటాయి చూడండి. జానెడు ఎత్తు పెరిగి, మూడు నాలుగు ఆకులు వేసిన పిలకను ఎంచుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు లోపల చేయండి, నవంబరు వానల్లో వద్దు. కుండీని పక్కకు వాల్చి మట్టితో సహా మొత్తం బయటికి జార్చండి. పిలకకు, తల్లికి మధ్య దుంప ఒక వంతెనలా కనిపిస్తుంది. పిలకకు సొంత వేర్లు వచ్చాయో లేదో చూసి, ఆ వంతెనను ఒకే కోతలో కోయండి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, ఇందాక కొర్లగుంట పాఠకురాలికి చెప్పిన మట్టిలో నాటండి. వాటికి అమ్మ మొక్క అంచు అమ్మ మొక్కలాగే వస్తుంది.

ఇంకో మాట. ఇరవై ఏళ్ల కుండీ అంటున్నారు కాబట్టి, ఎప్పుడైనా తల్లి దుంప నుంచి కూడా అంచు లేని ఆకుపచ్చ పిలక ఒకటి లేవొచ్చు. ముద్దుగా ఉందని వదిలేయకండి. దానికి ఒళ్లంతా పత్రహరితమే కాబట్టి పసుపు అంచు వాటికంటే వేగంగా పెరిగి, నాలుగైదేళ్లలో కుండీ అంతా తానే అయిపోతుంది. కనిపించగానే విడదీసి వేరే కుండీలో పెట్టండి. మీరు ఆకులతో పెంచిన పచ్చ పిలకలను కూడా పారేయకండి. వెలుతురు తక్కువ ఉండే మూలలకు అవే బాగా తట్టుకుంటాయి.

ప్రశ్న: మేడమ్, మాది మూడో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ పడమర వైపు. ఏప్రిల్లో నర్సరీ నుంచి రెండు స్నేక్ ప్లాంట్లు తెచ్చి ఒకటి బాల్కనీలో, ఒకటి బాత్రూమ్‌కు వెళ్లే నడవలో పెట్టాను. బాల్కనీలో దానికి తెల్లగా కాలినట్టు మచ్చలు పడ్డాయి. నడవలో దానికి కొత్త ఆకు సన్నగా పొడుగ్గా వచ్చి వంగిపోతోంది, పసుపు అంచు కూడా వెలిసినట్టు ఉంది. ఏ చోటు మంచిది? 
– ఒక పాఠకుడు, ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుపతి

జవాబు: రెండు చోట్లా కాదు నాయనా, వాటి మధ్య చోటు కావాలి. నర్సరీలో ఇది ఆకుపచ్చ వల కింద పెరిగింది. దాన్ని ఒక్కసారిగా ఏప్రిల్ నెల పడమటి ఎండలో పెడితే ఆకు కాలిపోతుంది. సాయంత్రం మూడు నుంచి ఐదు దాకా ఆ గోడ ఎంత కాలుతుందో చేయి ఆనించి చూడండి. ముందు మాడేది పసుపు అంచే. ఆ మచ్చలు మానవు. ఆకు కోయక్కర్లేదు, చూడటానికి బాగోలేకపోతే తప్ప. కొత్త ఆకులు బాగా వస్తాయి.

నడవలో దానిది వెలుతురు కరువు. ఈ మొక్క చీకట్లో కూడా పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. చీకట్లో చచ్చిపోకుండా చాలాకాలం ఉంటుంది, అంతే. అంచున్న రకానికి మామూలు రకం కంటే ఎక్కువ వెలుతురు కావాలి, ఎందుకంటే పసుపు భాగం ఆహారం తయారు చేయలేదు. ఆకుపచ్చ భాగమే మొత్తం ఆకును పోషించాలి. తూర్పు కిటికీ ఉంటే దానికి మూడు అడుగుల్లోపల పెట్టండి. పొద్దున ఎండ గంటో రెండు గంటలో తగిలితే అంచు పసుపు ముదిరి మెరుస్తుంది. తూర్పు కిటికీ లేకపోతే పడమటి బాల్కనీలోనే, తలుపు లోపలి వైపు, పలచటి పరదా వెనక పెట్టండి. నడవలోంచి తెచ్చిన మొక్కను వారం వారం కాస్త ముందుకు జరుపుతూ తీసుకురండి. వంగిన ఆకుకు సన్నటి వెదురు పుల్ల ఆసరా ఇస్తే చాలు.

ప్రశ్న: రాత్రిపూట ఆక్సిజన్ ఇచ్చే ఏకైక మొక్క ఇదేనని, పడకగదిలో రెండు పెడితే గాలి శుభ్రమవుతుందని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. మా ఆయనకు ఆయాసం ఉంది. ఎన్ని కుండీలు పెట్టాలి? 
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, ఆయాసం ఉన్న మనిషి సంగతి కాబట్టి సూటిగా చెబుతాను. ఆయాసానికి ఈ మొక్క మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరును, మందులను ఏ మొక్కను చూసుకుని కూడా ఆపొద్దు. గది గాలి బాగుండాలంటే కిటికీలు తెరవండి. పలమనేరు చల్లటి ఊరు, మా తిరుపతి వాళ్లకు లేని భాగ్యం అది.

రాత్రి ఆక్సిజన్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఈ మొక్క ఆకు మీది సన్న రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. ఎండ దేశపు మొక్క కదా, పగలు తెరిస్తే ఒంట్లో నీళ్లన్నీ ఆవిరైపోతాయి. అందుకని రాత్రి చల్లటి వేళ కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని, ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక వెలుతురులో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. ఆక్సిజన్ తయారయ్యేది ఆ వెలుతురులోనే. నాగజెముడు, కలబంద, అనాస కూడా ఇదే పని చేస్తాయి, కాబట్టి ఇది ఏకైక మొక్క కూడా కాదు.

గాలి శుభ్రం చేస్తుందన్న మాటకు మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేయించిన పరీక్షలు. వాటిలో మన పసుపు అంచు రకం కూడా ఉంది. అయితే మొక్కలను గాలి చొరబడని చిన్న పెట్టెల్లో పెట్టి చేశారు. మన గది అలాంటి పెట్టె కాదు, తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. అలాంటి పరీక్షలన్నింటినీ కలిపి 2019లో ఇద్దరు అమెరికా పరిశోధకులు లెక్క కట్టారు. మామూలు గాలి మార్పిడి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అన్ని కుండీలు పెడితే మనం పడుకోవడానికి చోటుండదు. పడకగదిలో ఒకటి పెట్టుకోండి, పొద్దున లేవగానే కంటికి పచ్చగా కనిపిస్తుంది. నేనూ అందుకే పెట్టుకున్నాను.

ప్రశ్న: మా పాప పది నెలలది, పాకుతోంది. ఇంట్లో పిల్లి కూడా ఉంది. ఈ మొక్క విషమా? 
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: ఆకులో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. నమిలితే నోరు మండటం, వాంతులు, విరేచనాలు కావచ్చు. పిల్లులకు, కుక్కలకు కూడా పడదు. పాప నడిచి, మాట వినే వయసు వచ్చేదాకా అందనంత ఎత్తులో పెట్టండి. కుండీ బరువుకు బోర్లాపడని చోట పెట్టండి. ఒకవేళ కొరికితే నోట్లో ముక్కలు తీసేసి, నోరు కడిగి, డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఆకులు మెరవాలని వారానికోసారి కొబ్బరినూనెతో తుడుస్తున్నాను. ఈ మధ్య ఆకుల మొదట్లో దూదిలాంటి తెల్లటి ముద్దలు కనిపిస్తున్నాయి. నూనె వల్లేనా? 
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: తెల్ల ముద్దలు పిండినల్లి. నూనె వల్ల రాదు, ఎక్కువగా కొత్తగా తెచ్చిన ఇంకో మొక్క నుంచి అంటుకుంటుంది. మందారానికి కూడా ఉందేమో చూసుకోండి. స్పిరిట్‌లో ముంచిన దూదిని పుల్లకు చుట్టి, ఆకు ఆకు సందులోకి పోనిచ్చి తుడవండి. తర్వాత లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు చేయండి. ఒక్కసారితో పోయిందనుకుంటే గుడ్ల నుంచి మళ్లీ వస్తాయి.

నూనె మాత్రం ఆపేయండి. ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తడి నూలుగుడ్డ చాలు. ఒక చెయ్యి ఆకు వెనక ఆనించి, ఇంకో చేత్తో మొదలు నుంచి కొస దాకా తుడవండి. కొసను విరవకుండా చూసుకోండి. విరిగిన కొస మళ్లీ రాదు.

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మా పొలం గట్టున, గుట్టల్లో ముళ్లపొదల కింద ఇలాంటి చారల ఆకు మొక్కే చూశాను. పసుపు అంచు లేదు, సన్నగా ఉంది. మా నాయన దాన్ని నారకు వాడేవాళ్లమంటాడు. రెండూ ఒకటేనా? 
– ఒక రైతు, చంద్రగిరి

జవాబు: ఇలాంటి ఉత్తరం కోసమే నేను ఈ శీర్షిక రాస్తున్నాను నాయనా. ఒకటి కాదు, దగ్గరి చుట్టాలు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది మన చాగ. మన మెట్ట నేలల్లో తనంతట తాను పెరిగేది. ఆకు దోనెలా లోతుగా ముడుచుకుని, సన్నగా గట్టిగా ఉంటుంది. 1780ల్లో సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలను రాసిపెట్టిన విలియం రాక్స్‌బర్గ్ పేరు మీద దానికి రాక్స్‌బర్గియానా అనే శాస్త్రీయ నామం వచ్చింది. దాని నార వింటినారికి వాడేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు ఈ జాతి మొత్తానికి వింటినార మొక్క అనే అర్థం వచ్చే పేరు పెట్టింది అందుకే. ఈ జాతిని చాలాకాలం శాన్సెవీరియా అన్నారు. 2017 నుంచి స్నేక్ ప్లాంట్‌ను డ్రసీనాల్లో కలిపేశారు కాబట్టి కొత్త పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది.

మీ నాయన నార ఎలా తీసేవారో, ఎన్ని రోజులు నానబెట్టేవారో, దేనికి వాడేవారో కూర్చోబెట్టి అడిగి రాసి పంపండి. మీ ఉత్తరం మొత్తం వేస్తాను. గుట్ట మీది మొక్కను మాత్రం దుంపతో తవ్వి తేవద్దు, అక్కడే ఉండనివ్వండి. ఇంట్లో కావాలంటే మీ సొంత గట్టు మీద ఉన్నదాని నుంచి ఒక్క పిలక చాలు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఉన్న మా స్నేక్ ప్లాంట్‌కు మొన్న పొడుగాటి కాడ వచ్చి, తెల్లటి పూలు పూశాయి. రాత్రయితే ఇల్లంతా వాసన. పూస్తే మొక్క చచ్చిపోతుందని పక్కింటావిడ అంటున్నారు. కాడ కోసేయమంటారా? 
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: కోయకండి. ఇంట్లో పెంచినదానికి పూలు రావడం అరుదు. మంచి వెలుతురు ఉండి, కుండీ బిగుతుగా నిండిన మొక్కలే ఎక్కువగా పూస్తాయి. మీ మొక్క మీ ఇంట్లో సుఖంగా ఉందన్నమాట. పక్కింటావిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. పూసిన ఆ ఒక్క కొమ్మ ఇక కొత్త ఆకు వేయదు. కానీ ఉన్న ఆకులు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, దుంప నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి. మొక్కకు ఏమీ కాదు.

పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాడ మీద, పూల మొదట్లో తేనెచుక్కల్లా బంకగా రసం ఊరుతుంది. అది రోగం కాదు, తుడవక్కర్లేదు. చీమలు మాత్రం వస్తాయి. కుండీ కింద పళ్లెంలో ఒక రాయి పెట్టి, రాయి చుట్టూ నీళ్లు పోసి, కుండీని ఆ రాయి మీద ఆనించండి. కుండీ అడుగు నీళ్లకు తగలకూడదు. పూలు రాలాక కాడ ఎండిపోతుంది, అప్పుడు మొదట్లో కత్తిరించండి. ఎనిమిదేళ్ల కుండీ అన్నారు, ప్లాస్టిక్‌దయితే పక్కలు ఉబ్బాయేమో చూడండి. దుంపల బలానికి ప్లాస్టిక్ పగలడం నేను రెండుసార్లు చూశాను. ఉబ్బి ఉంటే, పూలు అయిపోయాక రెండంగుళాలు పెద్ద కుండీలోకి మార్చండి.